ఇంట్లోనే నడుముకు బలం: పాఠకుల ప్రశ్నలు, ఫిజియోథెరపిస్టు సమాధానాలు

సార్వా నాట్లు ముగింపుకు వచ్చే ఈ రోజుల్లో మాకు అందే ఉత్తరాల్లో నడుము నొప్పి ప్రస్తావన లేనివి అరుదు. ఈసారి నర్సాపురం, ముమ్మిడివరం, తణుకు, రామచంద్రపురం, అమలాపురం ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నల సారాంశం దాదాపు ఒక్కటే: జిమ్ముకు వెళ్లే వీలు లేనివారు, ఏ పరికరమూ కొనకుండా, ఇంట్లో చాప మీదే పొట్ట, నడుము కండరాలను ఎలా గట్టిపరచుకోవాలి? అందుచేత ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయించాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నమస్కారమండి. నా వయసు 43. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లికల పని చేస్తున్నాను. అరుగు మీద గోడకు చేరగిలబడి రోజుకు ఆరేడు గంటలు కూర్చుంటాను. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేస్తోంది. తెల్లవారి లేచి వాకిలి ఊడ్చేటప్పుడు మరీ ఎక్కువ. ఎక్స్‌రే తీయిస్తే ఎముకల్లో లోపమేమీ లేదని, కోర్ బలహీనంగా ఉందని, వ్యాయామం చేయమని డాక్టరు గారు చెప్పారు. కోర్ అంటే ఏమిటో, ఏ వ్యాయామం చేయాలో అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఇంట్లో, తక్కువ సమయంలో చేసుకోగలిగినవి చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగినది అడగవలసిన ప్రశ్నే. కోర్ బలహీనంగా ఉందని ఒక్క మాట చెప్పి పంపేస్తే ఆ మాట రోగికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

కోర్ అంటే పొట్ట మీద పలకలుగా కనిపించే కండరమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ముఖ్యమైనవి చాలావరకు పైకి కనిపించవు. పొట్టను ముందు నుంచి పక్కల దాకా అడ్డంగా చుట్టి ఉండే లోపలి కండరం, వెన్నుపూసలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే చిన్న చిన్న కండరాలు, పైన శ్వాసకు ఆధారమైన డయాఫ్రమ్, అడుగున గర్భసంచినీ మూత్రాశయాన్నీ మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు, వీటికి తోడు పక్కల ఉండే వాలు కండరాలు, పిరుదుల కండరాలు కలిసి కోర్ అవుతాయి. చేతులూ కాళ్లూ కదులుతున్నంతసేపూ నడుమును కదలనీయకుండా నిలపడమే వీటన్నిటి ఉమ్మడి పని. కండరాలను తొలగించిన నడుము వెన్నును ప్రయోగశాలలో నిలబెట్టి పైనుంచి బరువు మోపితే, సుమారు 9 కిలోల దగ్గరే అది నిలవలేక ఒరిగిపోయింది. అటువంటి వెన్నుతో మనం చంకన నీళ్ల బిందె, ఇంకో చేత బకెట్టు పట్టుకుని నడవగలుగుతున్నామంటే, పడవలో తెరచాప కొయ్యను నలువైపులా తాళ్లతో బిగించి నిలిపినట్లు ఈ కండరాలు దానిని అన్ని పక్కల నుంచీ సమంగా బిగించి ఉంచడమే కారణం. ఆ బిగింపు సకాలంలో జరగడం కూడా అవసరమే. నొప్పి లేనివారిలో చెయ్యి ఎత్తబోయే క్షణానికి ముందే పొట్ట లోపలి అడ్డకండరం బిగుసుకుంటుందనీ, నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యమవుతుందనీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో చూపారు. గంటల తరబడి గోడకు ఒరిగి కూర్చునేవారిలో ఈ కండరాలకు పని ఉండదు. పని లేని కండరం అవసరమైన వేళకు చురుగ్గా స్పందించదు.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆ బిగువు ఎలా ఉంటుందో తెలుసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, రెండు చేతుల వేళ్లనూ తుంటి ఎముకలకు కొంచెం లోపలగా పొట్ట మీద ఆనించి చిన్నగా దగ్గండి. వేళ్ల కింద కండరం గట్టిపడి వేళ్లను పైకి నెడుతుంది. ఇప్పుడు దగ్గకుండా అదే బిగువును, అందులో మూడో వంతు మాత్రం తెచ్చుకుని, మామూలుగా ఊపిరి తీసుకుంటూ వదులుతూ పైకి పది అంకెలు లెక్కపెట్టండి. పొట్టను లోపలికి పీల్చుకోవద్దు. లెక్క మధ్యలో గొంతు ఆగిపోతే ఊపిరి బిగపట్టారని అర్థం. రెండు మూడు రోజులు ఇదొక్కటే చేసినా ఫరవాలేదు, ఎందుకంటే ఇది చేతకాకుండా చేసే మిగిలిన వ్యాయామాలన్నీ మెడకూ తొడలకూ శ్రమ పెట్టి నడుమును వదిలేస్తాయి.

తరువాత మూడు వ్యాయామాలు. వెన్ను మీద తక్కువ ఒత్తిడి పెట్టి కండరాలకు తగినంత పని చెప్పే విధంగా కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వెన్ను పరిశోధకుడు స్టువార్ట్ మెక్‌గిల్ ఎంచిన మూడింటినే నేను కూడా మొదట నేర్పుతాను.

మొదటిదానికి వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాపి ఉంచాలి. నడుము కింద సహజంగా ఉండే వంపులో రెండు అరచేతులనూ పెట్టుకోవాలి. ఆ వంపు నేలకు అణగిపోకుండా చేతులు కాపాడతాయి. పొట్ట బిగించి, తలనూ మెడనూ భుజాలనూ ఒకటిగా నేల నుంచి అంగుళమో రెండంగుళాలో ఎత్తి, 8 నుంచి 10 సెకన్లు నిలిపి దించాలి. గడ్డం రొమ్ముకు తగిలేలా మెడ వంచితే మెడనొప్పి వస్తుంది. చూసేవారికి ఇదొక వ్యాయామంలాగే కనిపించదు, కాని సరిగ్గా చేస్తే నాలుగోసారికే పొట్ట వణకడం మీకు తెలుస్తుంది.

రెండోది పక్క ప్లాంక్. పక్కకు తిరిగి, మోచేయి సరిగ్గా భుజం కిందికి వచ్చేలా ముంజేతి మీద ఆనుకుని, మోకాళ్లు వెనక్కి మడిచి, తుంటిని నేల నుంచి ఎత్తి, తల నుంచి మోకాళ్ల దాకా ఒకే గీతలో నిలవాలి. భుజం నొప్పి ఉన్నవారు గోడకు పక్కగా నిలబడి, ముంజేతిని గోడకు ఆనించి, పాదాలను గోడకు కొంచెం దూరంగా ఉంచి ఇదే చేయవచ్చు.

మూడోదాన్ని బర్డ్ డాగ్ అంటారు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, వీపు బల్లపరుపుగా ఉంచి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాపి నిలపాలి, తరువాత పక్క మార్చాలి. కాలు తుంటి ఎత్తును మించి లేస్తే నడుము లోపలికి కుంగుతుంది. సరిగ్గా చేస్తున్నదీ లేనిదీ అద్దం లేకుండా తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చిన్న స్టీలు పళ్లెంలో ఒక నిమ్మకాయ వేసి ఎవరిచేతనైనా నడుము మీద పెట్టించుకోండి. చెయ్యీ కాలూ చాపేటప్పుడు నిమ్మకాయ పళ్లెం అంచుకు దొర్లితే నడుము ఆ పక్కకు ఒరిగిందన్నమాట. మొదటి వారం దాదాపు అందరికీ దొర్లుతుంది. అప్పుడు చెయ్యి మాని కాలు ఒక్కటే, అదీ బొటనవేలు నేల విడవకుండా, నెమ్మదిగా వెనక్కి జరపండి. నిమ్మకాయ మధ్యలో నిలిచిన రోజున కాలు ఎత్తండి, చెయ్యి ఆ తరువాత.

ఒక్కొక్క వ్యాయామాన్ని మొదటి విడత 6 సార్లు, కొంచెం ఆగి 4 సార్లు, మళ్లీ ఆగి 2 సార్లు చేయండి. పక్కలు మార్చేవాటిలో ఈ లెక్క ఒక్కో పక్కకు వర్తిస్తుంది. అలసట పెరిగేకొద్దీ లెక్క తగ్గుతుంది కనుక చివరిసారి కూడా భంగిమ చెడదు. అన్నీ కలిపి 15 నిమిషాలకు మించదు. చీర కంటే చుడీదార్ గాని, వదులైన పైజామా గాని మేలు, ఎందుకంటే కుచ్చిళ్ల మధ్య కాలు వెనక్కి చాపడం కష్టం.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన మాట తెల్లవారి వాకిలి ఊడ్చేటప్పుడు నొప్పి ఎక్కువన్నది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. మనిషి పొద్దున్న ఒక సెంటీమీటరుకు పైగా పొడవుగా ఉండడానికి కారణం అదే. ఆ స్థితిలో ముందుకు వంగితే డిస్కుల మీదా, వాటిని పట్టి ఉంచే స్నాయువుల మీదా మిగిలిన వేళల్లో కంటే ఎంతో ఎక్కువ ఒత్తిడి పడుతుంది. లేచిన తరువాత మొదటి గంటల్లో నడుము వంచకుండా జాగ్రత్తపడినవారిలో దీర్ఘకాలపు నడుము నొప్పి తగ్గిందని 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. మన పల్లెల్లో ఆడవారు మంచం దిగగానే చేసే మొదటి మూడు పనులూ వంగి చేసేవే: ఊడ్పు, కళ్లాపి, ముగ్గు. ఈ అలవాటు మీద ఏ డాక్టరూ ప్రశ్న వేయడు, ఏ రోగీ తనంతట తాను చెప్పదు, కాబట్టి ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. పొడవాటి కర్ర కట్టిన చీపురు వాడండి. ముగ్గును టీ తాగి, కాసేపు ఇంట్లో అటూ ఇటూ నడిచి, ఆ తరువాత చిన్న పీట మీద కూర్చుని పెట్టండి. వీలైతే ఆ పనులను కొన్నాళ్లు ఇంట్లో మరొకరు అందుకోవాలి. వ్యాయామాలు కూడా లేచిన గంట తరువాతే చేయండి.

అల్లిక పనిలో ఒళ్లో తలగడ పెట్టుకుని దాని మీద పని ఉంచితే మెడా వీపూ అంతగా వంగవు. నడుము వెనుక చుట్టిన తువ్వాలు ఉంచుకోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం ఏ వ్యాయామంకంటే తక్కువ కాదు. ఆరు వారాలు క్రమం తప్పకుండా చేసినా మార్పు లేకపోతే, లేదా నొప్పి కాలిలోకి దిగితే మళ్లీ డాక్టరు గారిని కలవండి.

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. మాది ముమ్మిడివరం మండలం. సైన్యంలో చేరడానికి సాధన చేస్తున్నాను. రోజూ 100 సిట్-అప్స్ తీస్తున్నాను, ముంజేతుల మీదా కాలివేళ్ల మీదా ఒళ్లు తిన్నగా నిలిపే ప్లాంక్‌లో మూడు నిమిషాలు ఉంటాను. అయినా పొట్ట మీది కొవ్వు పోలేదు, పైగా నడుము దిగువన నొప్పి మొదలైంది. పుల్-అప్స్ తీసేటప్పుడు శరీరం ఊగిపోతోంది. లెక్క ఇంకా పెంచమంటారా?

జవాబు: పెంచవద్దు. సిట్-అప్స్ ఈ రోజు నుంచే ఆపండి. మోకాళ్లు మడిచినా చాపినా ఒక్కొక్క సిట్-అప్ నడుము వెన్ను మీద సుమారు 3,300 న్యూటన్ల ఒత్తిడి, అంటే 330 కిలోల పైచిలుకు బరువుకు సమానమైన ఒత్తిడి పెడుతుందని మెక్‌గిల్ ప్రయోగశాలలో లెక్కకట్టారు. బరువులెత్తే కార్మికుల నడుముకు అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ సూచించిన హద్దు 3,400 న్యూటన్లు. మీరు రోజుకు వందసార్లు ఆ హద్దు అంచు దాకా వెళ్లి వస్తున్నారు, అది కూడా వెన్నును వంచి. 1980 నుంచి తన దేహదారుఢ్య పరీక్షలో రెండు నిమిషాల సిట్-అప్స్ పెట్టిన అమెరికా సైన్యమే వాటిని వదులుకుని, 2022 నుంచి కోర్ పరీక్షగా ప్లాంక్‌ను పెట్టుకుంది.

పొట్ట కండరాలకు పని చెప్పినంత మాత్రాన వాటి మీది కొవ్వు కరగదు. శరీరం కొవ్వును ఎక్కడి నుంచి ముందుగా తీసి వాడుకోవాలో మన వ్యాయామం నిర్ణయించదు. పరుగు, నిద్ర, తిండి మూడూ కుదిరితే ఒళ్లంతటితో పాటే పొట్టా తగ్గుతుంది. అన్నం మానమని చెప్పను. రెండోసారి వడ్డించుకునే అన్నం బదులు పప్పు, గుడ్డు, చేప పెంచండి, కూల్‌డ్రింకులూ బేకరీ తిండీ మానండి.

మూడు నిమిషాల ప్లాంక్ గురించి ఒక మాట. అంతసేపు నిలబడగలుగుతున్నారంటే చాలావరకు కండరాలను వదిలేసి నడుము కీళ్ల మీద వేలాడుతున్నారని నా అనుమానం. మీ నొప్పి కూడా నడుము దిగువనే ఉంది. మీ స్నేహితుణ్ణి పక్క నుంచి ఫోటో తీయమనండి. తుంటి కిందికి జారి నడుము లోపలికి వంగి ఉంటే నా అనుమానం నిజమే. ఈసారి ముంజేతుల మీద ఆనుకుని, పిరుదులు గట్టిగా బిగించి, మోచేతులను కాలి వేళ్ల వైపు, కాలి వేళ్లను మోచేతుల వైపు లాగుతున్నట్లు బలం పెట్టి పది సెకన్లు మాత్రం నిలవండి. పది సెకన్లకే చెమట పడుతుంది. అలా ఐదారుసార్లు. అది కుదిరిన తరువాత అదే భంగిమలో ఒక పాదాన్ని అంగుళం ఎత్తి దించండి, ఆపైన ఒక చెయ్యి ముందుకు చాపండి. ఎత్తినప్పుడు తుంటి అటూ ఇటూ ఊగకూడదు.

పుల్-అప్స్‌లో ఊగుడు తగ్గాలంటే డెడ్ బగ్ అనే వ్యాయామం అవసరం. వెల్లకిలా పడుకుని చేతులు పైకి చాపి, తుంటినీ మోకాళ్లనూ లంబకోణంలో మడిచి కాళ్లు గాలిలో ఉంచాలి. ఊపిరి వదులుతూ కుడిచేతిని తల వెనక్కూ ఎడమకాలును ముందుకూ నెమ్మదిగా చాపాలి. నడుము కింద ఖాళీ పెరగనంతవరకే చాపి వెనక్కి రావాలి. ఒక్కో పక్కకు 8 సార్లు చొప్పున మూడు విడతలు చాలు. నడుము నొప్పి పూర్తిగా పోయాక దండీలు, బస్కీలు కలపండి. నడుము జారనీయకుండా తీసిన దండీ పది రకాల కొత్త వ్యాయామాలకు సమాధానం చెబుతుంది. దసరాకు అమలాపురంలో చెడీ తాలింఖానా (కర్రసాము, కత్తిసాము ప్రదర్శన) చూసే ఉంటారు. ఈసారి కర్ర తిప్పేవారి చేతుల మీద నుంచి చూపు మరల్చి నడుమును గమనించండి. చేతులు ఎంత వేగంగా తిరిగినా బొడ్డూ తుంటీ ఒకే దిశకు కలిసి తిరుగుతాయి, మధ్యలో మెలిక పడదు. మీరు నేర్చుకోవలసింది ఆ నిలకడే.

ప్రశ్న: నా వయసు 27. మాది తణుకు. నాలుగు నెలల క్రితం రెండో కాన్పు, సిజేరియన్ అయింది. అత్తయ్య గారు నడికట్టు కడుతున్నారు. పడుకుని లేచేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బుతోంది. దగ్గితే ఒకటి రెండు చుక్కలు మూత్రం పడుతోంది. ప్లాంక్ చేస్తే పొట్ట తగ్గుతుందని అంటున్నారు. చేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. గర్భంతో ఉన్నప్పుడు పొట్ట మధ్యలో రెండు నిలువు కండరాలను కలిపి ఉంచే పొర సాగి, వాటి మధ్య ఎడం ఏర్పడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో అది తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, బొడ్డుకు పైనా కిందా వేళ్లను అడ్డంగా ఆనించి తల కొంచెం ఎత్తండి. రెండు అంచుల మధ్య రెండు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువ ఎడం తగిలితే, మీ ప్రసూతి వైద్యురాలికి చూపించి, కుట్లు లోపల కూడా మానాయని ఆవిడ చెప్పిన తరువాత కింది వరస మొదలుపెట్టండి. ఉబ్బు నొప్పిగా ఉన్నా, పడుకున్నప్పుడు లోపలికి పోకుండా నిలిచినా హెర్నియా కావచ్చు కనుక ఆలస్యం చేయకుండా చూపించాలి.

మొదట శ్వాస, పెల్విక్ ఫ్లోర్. పడుకుని, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోనివ్వండి. వదిలేటప్పుడు మూత్రాన్నీ అపానవాయువునూ ఆపుకునే విధంగా కింది కండరాలను లోపలికి, పైకి బిగించండి. 5 సెకన్లు నిలిపి, అంతే సేపు పూర్తిగా వదిలేయండి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలా. బిడ్డకు పాలిచ్చేటప్పుడు కూడా చేసుకోవచ్చు, మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయవద్దు. మీకు పడే ఆ చుక్కలు సిగ్గుపడవలసిన విషయం కాదు. కాన్పైన వారిలో ఇది ఎంతో సాధారణం, ఈ వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది కూడా. మూడు నెలలు చేసినా తగ్గకపోతే వైద్యురాలికి చెప్పండి.

రెండు వారాల తరువాత, మోకాళ్లు మడిచి పడుకుని ఒక మడమను నేల మీద నుంచి జారుస్తూ కాలు చాపి మళ్లీ దగ్గరకు తెచ్చుకోవడం, పిరుదులు బిగించి తుంటిని పైకెత్తే సేతుబంధం కలపండి. ఏది చేస్తున్నా పొట్ట మధ్య ఆ గట్టు లేచిందంటే అది మీకు ఇంకా బరువైన వ్యాయామమని గుర్తు. పై ఉత్తరాల్లో చెప్పిన తల ఎత్తే వ్యాయామమూ ప్లాంకూ ఆ గట్టు లేవని రోజుల కోసం ఆగాలి. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవండి.

నడికట్టు విషయంలో అత్తయ్య గారితో వాదం పెట్టుకోనవసరం లేదు. వదులుగా, ఆసరాగా ఉంటే హాయిగానే ఉంటుంది. ఊపిరి పీల్చడానికి అడ్డు తగిలేంత బిగిస్తే మాత్రం లోపలి ఒత్తిడి కిందికి మళ్లి ఇప్పటికే అలసిన పెల్విక్ ఫ్లోర్ మీద పడుతుంది. గుడ్డ కండరాలకు బలం ఇవ్వదు, ఆ పని వ్యాయామం చేయాలి.

ప్రశ్న: మా నాన్నగారు రామచంద్రపురం దగ్గర రైసుమిల్లులో ముఠా కార్మికుడు. వయసు 48. రోజంతా 75 కిలోల బస్తాలు మోస్తారు. సీజనులో నడుము పట్టేస్తుంది. వ్యాయామం చేయమంటే, ఇంత కష్టపడేవాడికి మళ్లీ వ్యాయామమేమిటని కోప్పడుతున్నారు. ఆయనకు ఏమి చెప్పమంటారు?

జవాబు: ఆయన కోపంలో న్యాయం ఉందమ్మా. పని చేసి వచ్చిన సాయంత్రం ఆయన చేత వ్యాయామం చేయించడం నాకు కూడా ఇష్టం లేదు. అలసిన కండరానికి కావలసింది విశ్రాంతి. అయితే ఏళ్ల తరబడి ఒకే భుజం మీద మోసినవారిలో ఒక పక్క కండరాలు ముదిరి, రెండో పక్కవి వెనకబడతాయి. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. మొదటి జవాబులో చెప్పిన పక్క ప్లాంక్‌ను సెలవు రోజున రెండు పక్కలా చేయించి, ఏ పక్క త్వరగా వణుకుతుందో చూడండి. ఆ పక్కకు రెండు విడతలు ఎక్కువగా, వారంలో మూడు రోజులు, పనికి వెళ్లే ముందు తేలికగా చేస్తే చాలు.

ఆయనకు నేర్పవలసిన ముఖ్యమైన సాధన తుంటి దగ్గర వంగడం. ఒక కర్రను వీపు వెంబడి నిలువుగా పట్టుకుని, అది తల వెనుక, వీపు మధ్య, పిరుదుల మీద మూడు చోట్లా తగిలి ఉండేలా, మోకాళ్లు కొంచెం సడలించి పిరుదులను వెనక్కి నెడుతూ వంగాలి. వంగుతుండగా మూడింటిలో ఏ ఒక్క చోట కర్ర ఎడమైనా అది నడుముతో వంగడమే. రోజూ పదిసార్లు, ఖాళీ చేతులతో చేయాలి. బస్తా నేల మీద నుంచి ఎత్తేటప్పుడు ఇద్దరు పట్టడం, వీలైన చోట నడుమెత్తు దిమ్మె మీద నుంచి భుజానికి ఎత్తుకోవడం, భుజాలు మార్చుకోవడం ముఠా అంతా కలిసి అలవాటు చేసుకోవలసినవి. లారీలో చాలాసేపు కూర్చుని వచ్చి దిగగానే మొదటి బస్తా ఎత్తవద్దని చెప్పండి. ఐదు నిమిషాలు నిలబడి, నడిచి, అప్పుడు మొదలుపెట్టాలి.

ఒక హెచ్చరిక ఈ ఉత్తరానికే కాదు, అందరికీ. నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడి పాదం ఈడ్చుకుపోవడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేక తెలియకుండా పోవడం కనిపిస్తే వ్యాయామాలూ మర్దనలూ పక్కనపెట్టి ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ నరాల ఒత్తిడిని త్వరగా తొలగించకపోతే నష్టం శాశ్వతం కావచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిన తరువాత మొదలైన నొప్పి కూడా ఆలస్యం చేయదగినవి కావు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, 69 ఏళ్లు, అమలాపురం. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాను. నా భార్యకు 65 ఏళ్లు, ఎముకలు గుల్లబారాయని డాక్టర్లు చెప్పారు. మేమిద్దరం ఈ వయసులో ఇటువంటి వ్యాయామాలు చేయవచ్చునా? నేల మీద కూర్చుని లేవడం ఇద్దరికీ కష్టమే.

జవాబు: మాస్టారూ, చేయవచ్చు, చేయాలి కూడా. 65 ఏళ్లు దాటినవారు కండరాల బలానికి వారంలో కనీసం 2 రోజులు, పడిపోకుండా నిలకడ కోసం 3 రోజులు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో సూచించింది.

మీ విషయంలో జాగ్రత్త ఊపిరి గురించి. బిగపట్టి బలం పెడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుచేత ప్రతి వ్యాయామంలోనూ అంకెలు పైకి చదవండి. ముంజేతులను గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగి, మడమల నుంచి తల దాకా తిన్నగా పది సెకన్లు నిలవడం మీకు తగిన ప్లాంక్. అది తేలికైతే గోడ బదులు కదలని బల్ల అంచు. దానితో పాటు, చేతులు లేని గట్టి కుర్చీలో నుంచి చేతి ఆసరా లేకుండా నెమ్మదిగా లేచి, అంతకంటే నెమ్మదిగా కూర్చోవడం 8 సార్లు. కుర్చీని గోడకు ఆనించి పెట్టుకోండి. రక్తపోటు అదుపులో లేని రోజున, తల తిరుగుతున్నప్పుడు మానేయండి.

అమ్మగారికి ఒక నియమం తప్పనిసరి: వెన్నును ముందుకు వంచే వ్యాయామం ఏదీ వద్దు. సిట్-అప్స్, కాలివేళ్లు అందుకోవడం, పశ్చిమోత్తానాసనం అన్నీ ఆ కోవలోవే. వెన్ను ఎముకలు గుల్లబారిన 59 మంది స్త్రీలను గమనించి మేయో క్లినిక్ వైద్యులు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా అణగారాయి. వెన్నును వెనక్కి సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. చిన్న అధ్యయనమే అయినా ఆ తేడా ఎవరూ తీసిపారేయగలిగినది కాదు. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులను చెవుల పక్కగా పెట్టుకుని, మోచేతులను వెనక్కి తీసుకుంటూ రెక్కల ఎముకలను దగ్గరకు లాగి 5 సెకన్లు నిలపడం పదిసార్లు చేయాలి. మంచం మీద పడుకుని సేతుబంధం చేయవచ్చు. గట్టు పట్టుకుని, ఒక పాదం ముందు ఇంకొక పాదం పెట్టి నిలబడడం నిలకడకు మంచిది. వంటింట్లో కత్తిపీట ముందు వంగి కూర్చుని కూరలు తరిగే అలవాటు ఉంటే, ఈ వ్యాయామాలు ఇచ్చినదానిని అది తీసేసుకుంటుంది. బల్ల మీద చాకుతో తరగడానికి ఏర్పాటు చేయండి, వీలైతే ఆ పని మీరే అందుకోండి.

ప్రశ్న: పరుపు మీద చేయవచ్చా? తిన్న ఎంతసేపటికి చేయాలి? నెలసరి రోజుల్లో మానాలా? (విద్యార్థిని, రావులపాలెం)

జవాబు: పరుపు కుంగుతుంది కాబట్టి నడుము ఎటు ఒరిగిందో తెలియదు. నేల మీద బొంతో, రెండు చాపలో పరచుకోండి. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి ఉంచుకోవచ్చు. భోజనమైన రెండు గంటలకు, టిఫిన్ అయిన గంటకు చేయవచ్చు. నెలసరిలో ఒంట్లో బాగుంటే మానవలసిన పని లేదు, నొప్పి ఎక్కువగా ఉన్న రోజున శ్వాస వ్యాయామం ఒక్కటే చేయండి. మన ప్రాంతంలో ఉక్కపోత ఎక్కువ కనుక వేసవిలో ఎండ ఎక్కక ముందో, సాయంత్రం చల్లబడ్డాకో చేసి, మంచినీళ్లు దగ్గర ఉంచుకోండి.